ఒక చుట్టు తక్కువైన కారు

నేను అబద్ధం ఆడను. నిజానికి కాస్త గాలి కొడతానంతే. గాలి లేని టైరు, గాలి లేని కబురు రెండూ గుమ్మం దాటి వీధిలోకి వెళ్లవు కదా! అయినా మొన్న బుధవారం మధ్యాహ్నం మేస్త్రీ షెడ్డులో జరిగింది మాత్రం ఉన్నదున్నట్టే చెబుతాను.

షెడ్డు మా వీధి మలుపులోనే. పైన రేకులు, కింద నూనె మరకలు, గోడకి చిన్నా పెద్దా పానాలు వరసగా వేలాడుతుంటాయి. వచ్చినవాళ్లు కూర్చోడానికి ఏదో పాత వ్యానులోంచి ఊడదీసిన సీటు ఒకటుంది. దాని మీద ఆ చివర టీచరమ్మ, నడుము వెనక రెండు దిళ్లు పెట్టుకుని, బల్ల చెక్కలా నిటారుగా. ఈ చివర నేను. ఎదురుగా ఎత్తుపీట మీద పక్క కొట్టు టైలరు, ఒళ్లో చొక్కా, చేతిలో సూది. పని లేనప్పుడు కబుర్లకి వస్తాడు, పని ఉంటే దాన్ని వెంటబెట్టుకుని మరీ కబుర్లకి వస్తాడు. మా అల్లుడు తన కారు పక్కన చేతులు కట్టుకుని తల దించుకుని నిలబడ్డాడు.

విషయం ఏమిటంటే, మా అల్లుడిది అద్దెకి తిప్పే కారు. టీచరమ్మకి నడుముకి ఆపరేషనైంది. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లి వ్యాయామం చేయించుకురావాలి, ఆర్నెల్లపాటు. మా వాడికి ఖాయంగా ఉన్న సవారీ అదొక్కటే. మొదట్లో ఆవిడ "కాస్త కుదుపుగా ఉంది బాబూ" అనేది. మెత్తగా చేయిస్తానని మా వాడు సోమవారం వెనక స్ప్రింగులు రెండింటికీ ఒక్కో చుట్టు కోయించాడు. ఆ దెబ్బతో కారు వెనక్కి కూలబడింది, కుదుపు రెట్టింపైంది. బుధవారం ఆసుపత్రి నుంచి వస్తూ దారిలో మూడుసార్లు "అమ్మో" అందట ఆవిడ. మూడో "అమ్మో"కి మా వాడు ఇంటికి కాకుండా తిన్నగా షెడ్డుకి తిప్పాడు.

"ఒక చుట్టు చాల్లేదేమో. ఇంకోటి కోసేద్దాం" అన్నాడు మేస్త్రీ, కోత మిషను అందుకుంటూ. "నేను ఇంజను మనిషిని. స్ప్రింగుల సంగతి నాకెందుకు, చెప్పినట్టు చేస్తా."

టీచరమ్మ కళ్లజోడు సవరించుకుంది. "కోసుకుంటారో అతికించుకుంటారో మీ ఇష్టం. ఇక్కణ్ణుంచి మా ఇంటికి మైలున్నర. కారణం తెలియని వైద్యం నాకు గాని నేనెక్కే కారుకి గాని వద్దు. ఇవాళ తేలకపోతే రేపట్నుంచి వేరే బండి చూసుకుంటాను."

మేస్త్రీ మిషను మీట నొక్కబోయాడు.

"ఆగవయ్యా!" అన్నాను. "ఆ మిషను కింద పెట్టు. స్ప్రింగు అంటే ఏమనుకున్నావు, సొరకాయా, చివర కోసి పారేయడానికి? స్ప్రింగుల గురించి నన్నడుగు. ముప్పై రెండేళ్లు స్ప్రింగులు చుట్టిన ఇంటిదాన్ని."

"చెప్పండి వదినగారూ" అంది టీచరమ్మ. ఆ గొంతులో నమ్మకం పావలా, వెటకారం ముప్పావలా.

చెప్పాను.

"మా ఆయన షెడ్డు దీనికి నాలుగింతలుండేది. పెద్ద కొలిమి, బారెడు పొడుగు ఉక్కు కడ్డీలు. కడ్డీ ఎర్రగా కాలాక గుండ్రటి ఇనుప దుంగ చుట్టూ తిప్పాలి. ఒకరు పట్టకారుతో కడ్డీ పట్టుకోవాలి, ఒకరు చక్రం తిప్పాలి. ఆ చక్రం నేను తిప్పేదాన్ని."

"మీరా?" అన్నాడు టైలరు.

"కాకపోతే నువ్వా? అప్పటికి నువ్వింకా గుండీలు కుట్టడం కాదు, మింగుతున్నావు. సరే, ఒకరోజు మా ఆయనకి జ్వరం. అప్పుడే ఒక డాక్టరుగారు కారు తెచ్చి, అమ్మా, ఈ కుదుపుకి నా సీసాలన్నీ పగిలిపోతున్నాయి, స్ప్రింగులు మెత్తగా కావాలి అన్నాడు. మా ఆయన మంచంలోంచే రేపు రమ్మను అన్నారు. రేపటిదాకా ఎందుకూ అని నేనే చీర కొంగు బిగించి పాత స్ప్రింగులు తీసి చూశాను. ఒక్కోదానికి ఎనిమిది చుట్లు. అదే లావు కడ్డీ, అదే వెడల్పు దుంగ, చుట్లు మాత్రం పది వేశాను."

"చుట్లు పెంచారా? ఎక్కువ ఇనుము పడితే గట్టిపడదూ?" అన్నాడు టైలరు.

"అందరూ అక్కడే బోల్తా పడతారు! ఇలా చూడు. బరువు పడితే ఒక్కో చుట్టూ ఒక్కో వేలెడు దిగుతుందనుకో. ఎనిమిది చుట్లు ఎన్ని వేళ్లు దిగుతాయి?"

"ఎనిమిది."

"పది?"

"పది."

"అదే బరువుకి ఎక్కువ దిగేది మెత్తనిదా, తక్కువ దిగేదా?"

టైలరు సూది గాల్లో ఆపాడు. "ఎక్కువ దిగేదే... అయితే చుట్టు కోస్తే..."

"ఆ సంగతికి వస్తాను, నన్ను చెప్పనియ్యి. ఆ స్ప్రింగులు పెట్టుకుని వెళ్లిన డాక్టరు మర్నాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఏమన్నాడో తెలుసా? అమ్మా, కారు పోతుండగానే రోగికి ఇంజెక్షను వేశాను, వాడికి తెలియలేదు అన్నాడు. అంతేనా, వారం తిరక్కుండా కారులోనే ఆపరేషన్లు మొదలెట్టాడు. రాళ్ల దారుల్లోనే చేసేవాడు. బల్ల మీద కన్నా కుట్లు తిన్నగా పడుతున్నాయట."

"నాకు బల్ల మీదే చేశారు, పాపం" అంది టీచరమ్మ.

"అదే మరి, అప్పుడే నన్నడిగి ఉంటే! ఆ కబురు ఊరంతా పాకింది. ఆ తర్వాత ఎవరొచ్చారో తెలుసా? ఒక కాంట్రాక్టరు. మనిషి తలుపంత వెడల్పు. నా కారు నన్ను మోయలేక నేలకి ఆనుతోంది, గట్టి స్ప్రింగులు కావాలి అన్నాడు. నేను కడ్డీ లావు పెంచాను. టైలరూ, కడ్డీ రెండింతలు లావైతే బిరుసు ఎన్నింతలవుతుంది?"

"రెండింతలు."

"నీ మొహం. పదహారింతలు!"

మేస్త్రీ పకపకా నవ్వాడు. "పెద్దమ్మా, ఇది మరీ కోత."

నేను చెప్పినవాటిలో నిజం ఉన్నచోటే నవ్వుతారు జనం, ఏం చేస్తాం! కానీ టీచరమ్మ నవ్వలేదు. పెదవులు కదిలిస్తూ వేళ్లు మడిచింది. "నాలుగు రెండ్లని ఒకదానితో ఒకటి హెచ్చవేస్తే పదహారు. కడ్డీ లావు ఎన్నింతలైతే ఆ అంకెని అలా నాలుగుసార్లు వేసి హెచ్చవేయాలన్నమాట. ఉండండి మేస్త్రీగారూ, ఇది కోత కాదనుకుంటాను."

"నా మాటల్లో కోత ఏనాడుంది? చక్రం తిప్పుతుంటే ఆ కడ్డీ నన్నే తిప్పింది, మూడుసార్లు దుంగ చుట్టూ తిరిగొచ్చాను, అదీ దాని లావు! ఆ స్ప్రింగులు పెట్టిన కారు ఎలా ఉందనుకున్నారు? కాంట్రాక్టరు కూర్చుంటే వెంట్రుకవాసి దిగలేదు. మామూలు కారు రాయి ఎక్కితే కారు లేస్తుంది కదా? ఇది రాయి ఎక్కితే రాయి దిగేది! ఎంత దిగేదనుకున్నారు, అడుగున నీళ్లు తగిలేదాకా. ఆ ఏడాది ఆ కారు తిరిగిన దారిలో పదకొండు బావులు పడ్డాయి. జనం రాళ్లు తెచ్చి దాని ముందు వేసి, బాబూ మా పెరట్లో కూడా ఒకసారి తిప్పమని బతిమాలేవారు."

"మరి లోపల కూర్చున్నాయన?" అన్నాడు టైలరు.

"ఆయన కట్టుడు పళ్లు ముందు సీటులో రెండు, వెనక సీటులో ఆరు, మిగతావి ఊళ్లో తలా ఒకటీ దొరికాయి. మూడు నెలలకి మళ్లీ వచ్చాడు. తలుపంత మనిషి కాస్తా కిటికీ అంత అయ్యాడు. అమ్మా, బరువు మోసినా మోయకపోయినా సరే, మెత్తన చెయ్యి అన్నాడు. ఆయనకి మొదట ఉన్నంత సన్నటి కడ్డీయే వేసి పంపించాను."

నేను గుక్క తిప్పుకున్నాను. మేస్త్రీ మిషను ఇంకా చేతిలోనే ఉంది, వేలు మాత్రం మీట మీద నుంచి జరిగింది. సగం పని అయింది. అసలు సగం మిగిలింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక పెద్దింటాయన పట్టుగుడ్డలో చుట్టి ఒక కడ్డీ తెచ్చాడు. ఎక్కడో సముద్రాల అవతల నుంచి తెప్పించాడట, చంద్రుడిలా మెరుస్తోంది. దీంతో చుట్టు, దీని మెత్తదనమే వేరు అన్నాడు. చుట్టాను. పాత ఉక్కు స్ప్రింగు పక్కన పెట్టి రెండింటి మీదా రెండు బస్తాలు వేశాను. రెండూ సమానంగా దిగాయి, వెంట్రుకవాసి తేడా లేదు! బాబూ, ఉక్కు ఏదైనా బిరుసు ఇంచుమించు ఒకటే. మంచి ఉక్కు చేసేదల్లా, ఎన్నిసార్లు అణిచినా కూలబడకుండా మళ్లీ అంత ఎత్తుకి లేవడం. మెత్తన, గట్టి అనేవి దాని పుట్టుకలో లేవు, దాన్ని చుట్టిన తీరులో ఉన్నాయి అన్నాను."

"పైన మంచి రంగు వేస్తే?" అన్నాడు టైలరు.

"నీకు పౌడరు రాస్తే బరువులు మోస్తావా?"

ఈసారి టీచరమ్మ కూడా నవ్వింది. నవ్వి నడుము పట్టుకుంది. అది చూసి మా అల్లుడు ఒక అడుగు ముందుకి వేసి, ఏం చెయ్యాలో తెలియక మళ్లీ వెనక్కి వేశాడు. గొంతు ఇంకా పెంచాను.

"ఇక అసలు ముచ్చట ఇది. ఒక నాటకాల కంపెనీ ఆయన వచ్చాడు. మా నటులు బండిలో నిద్రపోవాలి, లోకంలో ఇంత మెత్తని స్ప్రింగు ఇంకోటి ఉండకూడదు అన్నాడు. కడ్డీ సన్నం చేస్తే విరుగుతుంది. చుట్లు ఎన్నని పెంచుతాం? అప్పుడు నాకు తట్టింది, చుట్టు వెడల్పు! పొడుగాటి పిడి ఉన్న పానాతో బోల్టు సులువుగా తిరగదూ? అలాగే చుట్టు ఎంత వెడల్పైతే బరువు ఆ కడ్డీని అంత సులువుగా మెలిపెడుతుంది. చుట్టు వెడల్పు రెండింతలు చేస్తే బిరుసు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. నేను రెండింతలతో ఆగే మనిషినా? షెడ్డులో దుంగ చాలక పక్కనున్న నీళ్ల ట్యాంకు చుట్టూ చుట్టాను. నూట ఎనిమిది చుట్లు!"

"ట్యాంకు చుట్టూ?" మేస్త్రీ నోరు తెరిచాడు. "చక్రం ఎలా తిప్పారు?"

"చక్రం ఏమిటి, ట్యాంకునే తిప్పాను! అంత పెద్ద స్ప్రింగుల మీద కారు పెడితే అది రెండో అంతస్తు దాకా లేచింది. ఎక్కేవాళ్లు మేడ మీద వరండాలోంచి ఎక్కాలి. కంపెనీ ఆయన సోమవారం పొద్దున ఎక్కి కూర్చుంటే కారు దిగడం మొదలెట్టి గురువారం మధ్యాహ్నానికి నేలకి వచ్చింది. మధ్యలో ఆయనకి మంగళవారం అన్నం మొదటి అంతస్తు కిటికీలోంచి అందించాం. బ్రేకు వేస్తే కారు ముక్కు నేలకి ఆనించి దణ్ణం పెట్టేది, ఎదురొచ్చినవాళ్లు ఇంత మర్యాద గల కారు ఎక్కడా చూడలేదనేవారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊరి చివర ఒక చిన్న మిట్ట. మామూలు కారైతే గమనించదు కూడా. ఇది ఆ మిట్ట ఎక్కి లేచింది. లేస్తూనే ఉంది. నటులు నిద్ర లేచి, పైనే మొహాలు కడుక్కుని, పైనే రెండు నాటకాలు ఆడారు. కాకులు టిక్కెట్టు లేకుండా చూశాయి. వాళ్లలో ఒకావిడకి చంటిపిల్లాడు. లేచేటప్పుడు వాడికి మాటలు రావు. దిగేసరికి పదమూడో ఎక్కం అప్పజెబుతున్నాడు!"

షెడ్డంతా నవ్వు. టైలరు సూదితో వేలికే పొడుచుకున్నాడు. మేస్త్రీ మిషను నేల మీద పెట్టి కళ్లు తుడుచుకున్నాడు. దాని కోసమే కదా ఇంత చెప్పింది! అక్కడితో ఆపి ఉంటే ఈ కథకి నేనే మహారాణిని. కానీ జనం నవ్వుతుంటే ఆగడం నా ఒంట్లో లేదు.

"కాబట్టి మేస్త్రీ, బుద్ధిగా విను. కడ్డీ లావు, చుట్టు వెడల్పు, చుట్ల లెక్క. స్ప్రింగు బిరుసంతా ఆ మూడింట్లోనే ఉంది. కొయ్యడం వల్ల లావు మారలేదు, వెడల్పు మారలేదు, చుట్టు తగ్గింది. తగ్గింది కాబట్టే బిరుసెక్కింది. పైగా పొట్టిదైంది, అందుకే కారు కూలబడింది. ఇంకో చుట్టు కోశావో, టీచరమ్మ నడుముతో పాటు రోడ్డు నడుము కూడా విరుగుతుంది. అసలు ఆ మొదటి చుట్టు కోయమన్న మహానుభావుడెవరో గాని, వాడి బుర్రకే ఒక చుట్టు తక్కువ!"

అని పైన రేకుల వైపు చూశాను.

టీచరమ్మ మెల్లగా మా అల్లుడి వైపు తిరిగింది. "విన్నావా బాబూ? ఇంట్లో ఇంత తెలిసిన మనిషిని పెట్టుకుని ఎవరో చెప్పిన మాట విని నా నడుం మీద ప్రయోగం చేశావు. ఒక్కసారి మీ అత్తగారిని అడిగి ఉంటే పోయేది కదా? అడగాలన్న ధ్యాస కూడా లేనివాడి బండి ఎలా ఎక్కమంటావు?"

మా అల్లుడు నేల చూశాడు. కోయమన్నది ఎవరో సోమవారం నుంచీ బయటపెట్టలేదు. మా అమ్మాయితో కూడా అనలేదు.

"అడిగాడండీ" అన్నాడు మేస్త్రీ.

రేకుల మీద ఎక్కడో పిట్ట నడిచిన చప్పుడు వినపడింది.

"సోమవారం ఇక్కడే నిలబడి ఫోనులో అడిగాడు. నా చేతికి నూనె ఉందని స్పీకరు పెట్టాడు కూడా. నేను కొయ్యనండీ, నాకు తెలియని పని అన్నాను. పెద్దమ్మ నా మీదే కేకలేశారు."

"నేనూ విన్నాను" అన్నాడు టైలరు, వేలు చప్పరిస్తూ. "ఇనుము తగ్గితే పొగరు తగ్గుతుంది, ఒక చుట్టు కోసి పారెయ్యండి, దూదిలా అయిపోతుంది. స్ప్రింగుల గురించి నాకు చెబుతారా మీరు, అన్నారు. అప్పుడు కూడా ముప్పై రెండేళ్లే అన్నారు."

అందరూ నన్నే చూస్తున్నారు. ఏడు పదులు దాటిన మనిషికి చెవులు కాలడం ఎలా ఉంటుందో ఆ పూట తెలిసింది.

"మీ షెడ్డులో చక్రం తిప్పారన్నారే?" అంది టీచరమ్మ.

"తలుపు దాకా వెళ్లి అన్నం క్యారియరు ఇచ్చి వచ్చేదాన్ని" అన్నాను. "లోపల వేడి అని ఆయన రానిచ్చేవారు కాదు."

"మరి ఇప్పుడు చెప్పినవి?"

"నిన్న మా వాడు అన్నం సగంలో లేచిపోయాడు. ఎందుకురా అంటే ఆకలి లేదన్నాడు. నా మాట వల్లే ఇలా అయిందని మాత్రం అనలేదు. అప్పుడు ఆయన పెట్టెలోంచి లెక్కల పుస్తకం తీశాను. ముప్పై రెండేళ్లూ ఆయన రాసుకుంటూ ఉంటే, ఏముంటుందిలే అని ఏనాడూ తెరవలేదు. మొదటి పేజీలోనే రాసి ఉంది, చుట్టు తగ్గితే బిరుసు పెరుగును అని. కింద గీత కూడా గీశారు. పదహారింతలు, ఎనిమిదో వంతు, అన్నీ ఆయన చేతిరాతే. టీచరమ్మా, తప్పు నాది. వాడు నన్ను పట్టివ్వలేదు. వాణ్ణి మాన్పించకు."

ఈ నాలుగు మాటలకీ గాలి కొట్టలేదు. కొట్టడానికి నాలో మిగల్లేదు.

టీచరమ్మ మేస్త్రీ వైపు తిరిగి అడిగింది, "పాత కొలతకే, అదే లావు, అదే వెడల్పు, చుట్లన్నీ ఉన్న స్ప్రింగులు ఎప్పటికి వస్తాయి?"

"శనివారానికి తెప్పిస్తానండీ."

"తెప్పించండి." మా అల్లుడితో, "అత్తగారి మాట నీ మీద వేసుకుని ఇంతసేపూ తిట్లు తిన్నావు. అంత ఓర్పున్నవాడు నాకు దొరకడు. ఆర్నెల్లూ నీ కారే" అంది. మా వాడి మొహం చూడాలి, అప్పుడే ఎవరో లోపల దీపం పెట్టినట్టైంది.

నేను ఊపిరి పీల్చుకుని లేవబోయాను.

"మీరెక్కడికి వదినగారూ?" అంది ఆవిడ. "శనివారం దాకా నేను ముందు సీటులో కూర్చుంటాను. వెనక, సరిగ్గా ఆ కోసిన స్ప్రింగు పైన, మీరు. రానూ పోనూ."

"నాకెందుకమ్మా?"

"కారణం తెలిసిన వైద్యమే ఇది."

ఎక్కాను. ఎక్కక ఏం చేస్తాను? టైలరు తలుపు తెరిచి పట్టుకుని మరీ ఎక్కించాడు. మేస్త్రీ చెయ్యి ఊపాడు. మా అల్లుడు టీచరమ్మ దిళ్లు సర్ది, కారు మెల్లగా వీధిలోకి తిప్పాడు. మెల్లగానే పోనిచ్చాడు, పాపం. షెడ్డు దాటగానే మొదటి గొయ్యి. నేను లేచాను. కారు కప్పు చీల్చుకుని మూడు మేడలూ, ఒక సెల్‌ఫోను టవరూ దాటి, పక్క ఊరి గడియారంలో టైము చూసి మళ్లీ సీటులో పడ్డాను. ఇందులో ఒక్క ముక్క కోత లేదు.

మూడు రోజులుగా ఆ ఊసెత్తని మా అల్లుడు అద్దంలోంచి నన్ను చూశాడు.

"దూదిలా ఉందా అత్తయ్యా?" అన్నాడు.

జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో రెండో గొయ్యి వచ్చింది.